నాలుగు నిమిషాలకు ఆగిపోయే వీడియో: స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ అమరిక

సూరత్‌లోని వరాఛా అనగానే వజ్రాలు సానపట్టే కార్ఖానాలు గుర్తొస్తాయి. రాయి చిన్నది, విలువ పెద్దది. అక్కడ సీసీ కెమెరాల అవసరం వేరే చెప్పక్కర్లేదు. అలాంటి ఒక కార్ఖానాలో 40 కెమెరాలు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటి సెకనుకు 4 మెగాబిట్ల వీడియో పంపుతుంది. దాన్ని యజమాని గదిలోని తెర, కాపలా గదిలోని తెర, రికార్డరు మూడూ అందుకోవాలి.

ఎవరికి వారికి విడిగా పంపాలంటే ప్రతి కెమెరా మూడు ప్రతులు పంపాలి. మల్టీకాస్ట్‌లో ఒక్కటి చాలు. కెమెరా ఒక గుంపు చిరునామాకు పంపుతుంది, కావలసిన పరికరాలు ఆ గుంపులో చేరతాయి. 224 నుంచి 239 వరకు అంకెలతో మొదలయ్యే ఐపీ చిరునామాలు ఇందుకే. స్టీవ్ డీరింగ్ రాసిన 1989 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1112 దీనికి పునాది.

చిక్కు స్విచ్ దగ్గర వస్తుంది. ఆ గుంపులో ఎవరున్నారో మామూలు స్విచ్‌కు తెలియదు కాబట్టి వచ్చిన వీడియోను అన్ని పోర్టులకూ వదిలేస్తుంది. 40 కెమెరాలంటే 160 మెగాబిట్లు. చాలా కెమెరాల పోర్టు వేగం 100 మెగాబిట్లే! తనకు అక్కర్లేని వరదలో ఆ పోర్టు మునిగిపోతుంది.

దీనికి మందు ఐజీఎంపీ స్నూపింగ్. గుంపులో చేరతామంటూ పరికరాలు పంపే సందేశాలను స్విచ్ పొంచి విని, ఏ పోర్టులో ఎవరు అడిగారో రాసుకుంటుంది. అడిగిన పోర్టుకే వీడియో పంపుతుంది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. స్నూపింగ్ ఆన్ చేస్తారు, తెర మీద బొమ్మ వస్తుంది, పని అయిందనుకుంటారు. నాలుగు నిమిషాల తర్వాత బొమ్మ ఆగిపోతుంది. తెరను ఆపి మళ్లీ వేస్తే వస్తుంది, మళ్లీ పోతుంది. పాపం, నింద కెమెరా మీద పడుతుంది. కేబుళ్లు కూడా మారుస్తారు. రికార్డరుకూ ఇదే జరిగితే, రాయి కనబడని రోజున వెతకడానికి రికార్డింగే ఉండదు.

కారణం స్విచ్ మతిమరుపు. అది కావాలనే పెట్టిన ఏర్పాటు. ‘ఈ గుంపు ఇంకా ఎవరికి కావాలి?’ అని నెట్‌వర్క్‌లో ఒకరు 125 సెకన్లకోసారి అడగాలి. పరికరాలు 10 సెకన్లలోపు బదులివ్వాలి. రెండు విడతలు గడిచినా జవాబు వినబడకపోతే, అంటే 260 సెకన్లకు, స్విచ్ ఆ పేరు కొట్టేస్తుంది. అడిగేవారిని క్వెరియర్ అంటారు. పెద్ద నెట్‌వర్క్‌లలో మల్టీకాస్ట్ రూటరే ఆ పని చేస్తుంది. చిన్న కార్ఖానాలో అలాంటి రూటర్ ఉండదు. అడిగేవారు లేరు కాబట్టి బదులిచ్చేవారూ లేరు.

అందుకే స్నూపింగ్‌తో పాటు, కెమెరాలున్న వీల్యాన్‌లో ఒక స్విచ్ మీద క్వెరియర్‌ను ఆన్ చేయాలి. ఆ వీల్యాన్‌లో స్విచ్‌కు ఐపీ చిరునామా కూడా ఇవ్వాలి. లేకపోతే కొన్ని పరికరాలు దాని ప్రశ్నను పట్టించుకోవు. ఇద్దరు క్వెరియర్లుంటే తక్కువ ఐపీ చిరునామా ఉన్నదే గెలుస్తుంది, మరొకటి నోరు మూసుకుంటుంది. కాబట్టి రెండోదాన్ని అత్యవసరానికి ఉంచుకోవచ్చు. ‘ఫాస్ట్ లీవ్’ మాత్రం పోర్టుకు ఒకే పరికరం ఉన్నచోటే పెట్టాలి. లేకపోతే ఒకరు గుంపు వదిలితే పక్కవారి బొమ్మ కూడా పోతుంది.

కెమెరాల గుంపులకు 239తో మొదలయ్యే చిరునామాలు వాడతారు. వాటిలో 239.0.0, 239.128.0 వరుసలను వదిలేయడం మంచిది. ఈథర్‌నెట్ చిరునామాలోకి ఐపీ చిరునామాలోని చివరి 23 బిట్లే వెళ్తాయి. దాంతో ఇవి 224.0.0 వరుసతో కలిసిపోతాయి. ఆ వరుసను స్విచ్‌లు స్నూపింగ్ ఉన్నా అన్ని పోర్టులకూ పంపుతాయి.

ఇక పరీక్ష. అమరిక పూర్తయ్యాక తెర ముందు కనీసం ఐదు నిమిషాలు కూర్చోవాలి. మొదటి నిమిషం బొమ్మను నమ్మకూడదు.