బెట్ట రాకముందే వేరుకు తోడు

బత్తలపల్లె ఎర్ర నేలల్లో వేరుశనగను దెబ్బతీసేది వాన తక్కువ కావడం ఒక్కటే కాదు, వానకూ వానకూ మధ్య వచ్చే ఎడం కూడా. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం 550 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. ఆ కాస్తా తరచూ మూడు నాలుగు వారాల బెట్ట పెట్టి పడుతుంది. ఊడలు దిగే వేళ ఆ బెట్ట తగిలితే కాయ కట్టదు.

నేలలో తడి తగ్గగానే మొక్కలో ఇథిలీన్ అనే హార్మోన్ పెరుగుతుంది. అది మితిమీరితే, నీటి కోసం లోతుకు పోవాల్సిన సమయంలోనే వేరు ఎదుగుదల మందగిస్తుంది. వేరు చుట్టూ బతికే కొన్ని బాక్టీరియా ఇథిలీన్ తయారయ్యే ముడిసరుకునే తినేస్తాయి. మరికొన్ని ఆక్సిన్ అనే ఎదుగుదల హార్మోన్ అందించి పిల్లవేర్లను పెంచుతాయి. ఇంకొన్ని జిగురు వదిలి మట్టిని వేరుకు పట్టి ఉంచుతాయి. ఆ జిగురులో తడి త్వరగా ఆరదు. హైదరాబాద్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రిడా) శాస్త్రవేత్తలు సూడోమోనాస్ పుటిడా జీఏపీ-పీ45 అనే రకాన్ని పొద్దుతిరుగుడు మొలకలపై పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. బెట్టలోనూ ఆకుల్లో నీరు ఎక్కువగా నిలిచింది, వేరుకు అంటిన మట్టి పెరిగింది. అయితే అది మొలకల మీద చేసిన ప్రయోగం. దాన్ని చూపి మీ చేలో ఇంత దిగుబడి ఖాయమని ఎవరైనా సంచి అమ్మజూపితే నమ్మకండి.

మనకు చేతికందేది వేరు బుడిపెల్లో నత్రజనిని స్థిరీకరించే బాక్టీరియా, రైజోబియం. ఎకరా విత్తనానికి 200 గ్రాములు చాలు. ముందు శిలీంద్రనాశిని పట్టించి నీడలో ఆరబెట్టండి. విత్తే ముందు, కాచి చల్లార్చిన బెల్లం నీటితో రైజోబియం కలిపి గింజలకు పట్టించండి. వేరుశనగ గింజ పొర పలుచన, గట్టిగా రుద్దితే ఊడిపోతుంది. మళ్లీ నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తేయండి. గడువు దాటిన పొట్లం, ఎండలో పడున్న పొట్లం కొనకండి. అందులో ప్రాణం ఉండదు. పదును చాలని నేలలో విత్తినా అంతే.

బాక్టీరియాకు తిండి కావాలి. మన ఎర్ర నేలల్లో సేంద్రియ కర్బనం బాగా తక్కువ. అందుకే ఫాస్ఫేట్ కరిగించే బాక్టీరియాను ఎకరాకు 2 కిలోలు, మాగిన పశువుల ఎరువులో కలిపి దుక్కిలో వేయమంటున్నాను. ఎరువు లేని చేలో ఏ పొట్లమూ నిలబడదు.

విత్తిన 30–35 రోజులకు నాలుగైదు మొక్కలను పీకకుండా, పారతో మట్టితో సహా తవ్వి తీయండి. వేరు బుడిపెను గోటితో చీల్చితే లోపల గులాబీ రంగు కనిపించాలి. తెల్లగా ఉంటే నత్రజని స్థిరీకరణ సాగడం లేదని అర్థం. అలాగని బెట్టలో యూరియా చల్లకండి, తడి లేనిదే అది వేరుకు అందదు. వాన పడ్డాక రైతు సేవా కేంద్రంలో అడిగి, సిఫారసు చేసినంతే వేయండి.