అడ్డపొగ మాన్పించుటలో గ్రామ సంఘం పాత్ర

చోడవరం ప్రాంతం 2022 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఆ ఏడు అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా మారినా ఉత్తరాంధ్రలో పాత అలవాటు ఒకటి పూర్తిగా పోలేదు. అదే అడ్డపొగ, అనగా చుట్ట నిప్పు కొనను నోటిలో ఉంచుకొని కాల్చడం. ఇది స్త్రీలలోనే ఎక్కువ. గాలికి చుట్ట ఆరిపోదు, బూడిద పనిమీద రాలదు అని చెబుతారు. కాని ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి కాన్సరు మన ప్రాంతంలో హెచ్చుగా కనిపించడానికి ఇదే ముఖ్య కారణమని వైద్యులు తేల్చారు.

శ్రీకాకుళం జిల్లా అనుభవం

టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన దంత పరిశోధకులు 1977లో శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల పల్లెలలో సుమారు 36,000 మంది పొగాకు వాడకందార్లతో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. ఒక్క ఉపన్యాసంతో సరిపెట్టక, ఏటేటా అవే ఇండ్లకు వెళ్లి, నోరు పరీక్షించి, ఎదురుగా కూర్చుని నచ్చజెప్పారు. సినిమాలు, పోస్టర్లు కూడా ఉపయోగించారు. ఫలితాలు 1986లో ప్రకటించారు. సలహా అందినవారిలో మానినవారు, తగ్గించినవారు ఎక్కువ. మానినవారి నోటిలో కాన్సరుకు ముందు వచ్చే మచ్చలు కొత్తగా పుట్టడం కూడా తగ్గినది. మళ్లీ మళ్లీ పలకరించేవారుంటే పాత అలవాటు కూడా వదులుతుందని దీనివలన తెలుస్తున్నది.

మన సంఘానికి గల అవకాశం

ఇంటింటికీ తిరిగే పని మనకు లేదు. ఉదయం, సాయంత్రం సభ్యులే పాలబిందెతో కేంద్రానికి వస్తారు. కనుక ఈ పనులు చేయవచ్చును:

1. పాల సేకరణ కేంద్రంలో ఎవరూ పొగ త్రాగరాదని పాలకవర్గం తీర్మానించవలెను. పాలు వాసనను త్వరగా పట్టుకుంటాయి. పశువుల పాక, గడ్డివాము వద్ద నిప్పు ప్రమాదం చెప్పనక్కరలేదు.

2. మానదలచినవారిని ఇద్దరిద్దరిగా జతపరచవలెను. ఒకే రోజు మాని, రోజూ కేంద్రం వద్ద ఒకరినొకరు విచారించుకోవలెను. మొదటి మూడు నాలుగు రోజులు చిరాకు, తలనొప్పి, నిద్రలేమి ఎక్కువ. మూడు నాలుగు వారాలలో చాలావరకు తగ్గుతాయి. ఆ రోజులలో "ఒక్కటి కాల్చు" అని చుట్ట అందించకపోవడమే ఇరుగుపొరుగు చేయగల పెద్ద సాయం.

3. మధ్యలో మళ్లీ ముట్టించినవారిని ఎగతాళి చేయరాదు. మరొక తేదీ పెట్టుకోమనవలెను.

4. ఖర్చు లెక్క చూపవలెను. పొగాకుకు రోజుకు 20 రూపాయలు పెట్టే ఇంటిలో ఏడాదికి 7,300 రూపాయలు పోతాయి. అది దాణాకు పనికివచ్చే సొమ్ము.

5. నెలకొకసారి అద్దంలో అంగిలి చూసుకోమని చెప్పవలెను. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, లేదా రెండు వారాలకు మానని పుండు కనిపిస్తే నొప్పి లేకపోయినా ఆసుపత్రికి పంపవలెను. తొలిదశలో పట్టుకుంటే నయమయ్యే అవకాశం ఎక్కువ.

పొగాకు మానడానికి ప్రభుత్వ ఉచిత టెలిఫోను సలహా నెంబరు 1800-11-2356. దీనిని వెన్నశాతం పట్టిక ప్రక్కనే పెద్ద అక్షరాలతో వ్రాయించండి. పాడిపశువుకు జబ్బు చేస్తే ఊరంతా కదలివచ్చే మనం, పాలు పితికే తల్లి నోటిని కూడా అంత శ్రద్ధగా చూడవలసి ఉన్నది.