చూసిందే రాయనివ్వండి

దసరాకీ కార్తీక పిక్నిక్కులకీ మధ్య దొరికే రెండు మూడు వారాలు కొండకర్ల ఆవకి మంచి రోజులు. వానలకు ఆవ నిండుగా ఉంటుంది, పొద్దున్నే ఎండ చురుక్కుమనదు, వలస బాతులు ఒక్కొక్క గుంపే దిగుతుంటాయి. కార్తీకం వచ్చిందంటే వనభోజనాల సందడి, మైకుల్లో పాటలు మొదలవుతాయి. అందుకే ఈలోపే ఒక ఉదయం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళండి. అనకాపల్లి నుంచి మునగపాక మీదుగా అచ్యుతాపురం రోడ్డు పట్టుకుంటే చాలు. రాష్ట్రంలో కొల్లేరు తర్వాత పెద్ద మంచినీటి సరస్సు ఇదేనని చెబుతారు. అది మన గుమ్మంలోనే ఉంది. ఆరింటికల్లా గట్టు మీద ఉండాలి. ఎనిమిది దాటాక పిట్టలు తుంగలోకి దూరతాయి, పిల్లలకూ ఆకలేస్తుంది.

అక్కడ మీరు చెయ్యాల్సిన పని ఒక్కటే. పిల్లలు వేలు చూపించగానే పేరు చెప్పేయకండి. "అది కొంగ రా" అన్నారంటే వాడు చూడటం ఆపేస్తాడు. కాళ్ళు ఏ రంగు, ముక్కు ఎలా ఉంది, నీళ్ళలో ఏం వెతుకుతోంది అని అడగండి, ఆపైన ఊరుకోండి. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సన్నటి సందు కనిపిస్తుంది. కాసేపు నిదానంగా చూసే పిల్లలు దాన్ని తమంతట తామే పట్టేస్తారు. లేత పక్షులకు ఆ సందు ఉండదు. కాబట్టి మీ అమ్మాయి "సందు లేదు" అని రాసుకుంటే దిద్దకండి, తను చూసింది ఈ ఏడు పుట్టిన పిల్ల అయుండొచ్చు.

తామరాకుల మీద నడిచే పిట్ట సంగతీ ఇంతే. పుస్తకాల్లో దానికి కొడవలిలా వంగిన పొడుగాటి తోక వేస్తారు. అది గుడ్లు పెట్టే వానాకాలపు వేషం. చలి మొదలయ్యే వేళకు ఆ తోక రాలిపోతుంది, వీపు గోధుమరంగుకు తిరుగుతుంది, తెల్లటి రొమ్ము మీద నల్లటి పట్టీ మిగులుతుంది. కాలివేళ్ళు మాత్రం ఎప్పటిలాగే చాలా పొడుగు. అవి బరువును ఆకంతా పరుస్తాయి కాబట్టే ఆకు మునగదు. "బొమ్మలో తోకుంది కదా, రాసెయ్" అన్నామంటే కళ్ళతో చూసినదాన్ని పక్కనపెట్టి ఎవరో చెప్పింది రాయమని నేర్పినట్టే. నన్నడిగితే ఒక పిట్ట పేరు తప్పిపోవడం కన్నా అది పెద్ద నష్టం. నాన్నలకు ఇంకో మాట. ఈ జాతిలో గుడ్లు పొదిగేదీ పిల్లల్ని సాకేదీ మగపిట్టే. పిల్లలకు తప్పకుండా చెప్పండి.

నీళ్ళ మీద ఏ పెద్ద పక్షి కనిపించినా "సైబీరియా నుంచి వచ్చింది" అనే అలవాటు మనకుంది. సూదితోక బాతుల్లాంటివి నిజంగానే ఉత్తరాన ఎంతో దూరం నుంచి వస్తాయి. నత్తగుల్ల కొంగ మన దేశపుదే. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊరివాళ్ళు ఆడపడుచుల్లా చూసుకునే గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ మన దేశంలోనే గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచేవే. తెలియనిది ఊహించి చెప్పే బదులు "ఇంటికెళ్ళి చూద్దాం" అనండి. గట్టున తీతువు అరిస్తే అశుభం అని మామ్మ చెప్పి ఉండొచ్చు. మనం మరీ దగ్గరకొచ్చామని తోటి పిట్టలకు అది పెట్టే కేక అని చెప్పి, రెండడుగులు వెనక్కి వేయించండి.

పిల్లల నోటుపుస్తకంలో తేదీ, చోటు, మొదలుపెట్టిన టైము, ముగించిన టైము, మబ్బో ఎండో రాయించండి. చిన్న గుంపైతే ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. పెద్ద గుంపైతే పది పిట్టలు ఎంత మేర ఉన్నాయో చూసుకుని, అలాంటి పదులు ఎన్నో లెక్కేసుకోవాలి. తెలియని పిట్టకు బొమ్మ గీసి పక్కన "తెలియదు" అని రాస్తే చాలు, అది దాచుకోవాల్సిన మాట కాదు. 2002లో మొదలైన పక్షుల నమోదు వేదిక ఈబర్డ్‌లో మీ ఫోన్ నుంచే ఈ లెక్కలు ఎక్కించవచ్చు. గుర్తుపట్టగలిగినవన్నీ రాశారా, కొన్నే ఏరి రాశారా అని చివర్లో అది అడుగుతుంది. ఆ జవాబు పిల్లలనే చెప్పనివ్వండి. మెర్లిన్ యాప్ కూత విని పేరు చెబితే దాన్ని సూచనగానే తీసుకోవాలి, పిట్ట కనపడేదాకా పుస్తకంలోకి ఎక్కించకూడదు. పిట్టల్ని పిలవడానికి ఫోన్లో కూతలు పెట్టడం అసలే వద్దు. "పక్కింటివాడు నలభై రకాలు చూశాడట" అనే మాటా వద్దు. ర్యాంకుల గొడవ బడి వరకే ఉండనీయండి.

రెండు తాటి బోదెలు జతకట్టిన దోనె ఎక్కాలని పిల్లలు పట్టుబడతారు. లైఫ్ జాకెట్ ఉంటేనే ఎక్కించండి, బాతుల గుంపు మధ్యలోకి పోనివ్వమని మాత్రం అడగకండి. దోనె నడిపే ఆయన్ని "బాబాయ్, దీన్ని మీరేమంటారు?" అని పిల్లల చేతే అడిగించి, ఆయన చెప్పిన పేరు ఉన్నదున్నట్టు రాయించండి.

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ చిన్నతనంలో తాను కొట్టిన పిచ్చుక మెడ మీద పసుపు మచ్చ ఎందుకుందని మేనమామను అడిగితే, ఆ పెద్దాయనకు జవాబు తెలియలేదు. ఏదో ఒకటి చెప్పి పంపకుండా, ఉత్తరం రాసిచ్చి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడ మిల్లార్డ్ అనే ఆయన సొరుగులు తెరిచి పక్షుల నమూనాలు చూపించారు. 1941లో 'ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' రాసింది ఆ కుర్రాడే. ఆయన పుట్టినరోజు నవంబరు 12. ఆ వారంలో మరోసారి ఆవకి వెళ్ళండి. జనవరిలో ఆసియాలోని చాలా దేశాల్లో నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది, 1987 నుంచీ ఉన్న పని అది. అప్పటికి మీ పిల్లల దగ్గర అక్టోబరు పేజీ ఉంటే, దాన్ని జనవరి పేజీ పక్కన పెట్టి ఏ బాతులు పెరిగాయో, ఏవి అసలు రాలేదో వాళ్ళే చెబుతారు.