ఆటోమేటిక్ కారులో గేర్ ఆయిల్ మట్టం సరిగ్గా చూసే విధానం



ముమ్మిడివరం చుట్టుపక్కల పాల సంఘాల సభ్యుల ఇళ్ళ ముందు ఇప్పుడు సెకండ్ హ్యాండ్ కార్లు కనబడుతున్నాయి. వాటిలో ఆటోమేటిక్ కార్లూ ఉంటున్నాయి. క్లచ్ తొక్కే పని లేదు గనుక మోకాళ్ళ నొప్పులున్న పెద్దలకు అవి సుఖమే. అయితే వాటి గేర్‌బాక్సు పాడైతే, బాగుచేయించడానికి ఒక మంచి పాడి గేదె ఖరీదంత ఖర్చయినా ఆశ్చర్యం లేదు. అందుకే ఈ నెల ఈ పాఠం.

మేము చేసిన తప్పు

మాలో ఒకరు కొన్న పాత కారుకు తెల్లవారుజామునే ఇంజను స్టార్టు చేసి, డిప్‌స్టిక్ తీసి చూశాం. ఆయిల్ 'హాట్' గుర్తుకు బాగా కింద ఉంది. తక్కువైందనుకుని లీటరు పోశాం. అమలాపురం దారిలో ఇంజను మోత పెరుగుతోంది గాని బండి లాగడం లేదు. మెకానిక్కు చూసి, ఆయిల్ ఎక్కువై నురగ కట్టిందని చెప్పి, అదనంగా ఉన్నది తీసేశాడు. కారులో లోపం లేదు. లోపం మేము చూసిన పద్ధతిలో ఉంది.

పాలు పరీక్షించే మనకు ఇది తెలియని సంగతి కాదు. పాలు వేడిగా ఉంటే లాక్టోమీటరు దిగిపోయి రీడింగు తగ్గుతుంది. అందుకే ఉష్ణోగ్రత చూసి సవరిస్తాం. నురగ తగ్గేదాకా ఆగుతాం. ఆయిల్ కూడా వేడెక్కితే వ్యాకోచించి మట్టం పెరుగుతుంది. వేడి మీద చూడవలసిన గుర్తును చల్లని ఆయిల్‌తో పోల్చడమే మేము చేసిన పొరపాటు.

ఆయిల్ మట్టం ఎందుకంత ముఖ్యం?

మామూలు గేర్‌బాక్సులో ఆయిల్ ముఖ్యంగా పళ్ళ చక్రాలు అరగకుండా కాపాడుతుంది. టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌లో ఇంజను బలాన్ని గేర్లకు అందించేది, లోపలి క్లచ్ ప్లేట్లను ఒత్తి పట్టేది కూడా ఆయిలే. అది తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. ఎక్కువైతే తిరిగే భాగాలు చిలికి నురగ చేస్తాయి. రెండింటిలోనూ ఒత్తిడి పడిపోయి, ప్లేట్లు జారి, మాడిపోతాయి.

ముందుగా బండి రకం తెలుసుకోండి

మన దేశంలో 2014లో మారుతి సెలేరియోతో వచ్చిన ఎఎంటి రకం లోపల మామూలు గేర్‌బాక్సే. క్లచ్, గేరు పనులు మాత్రం యంత్రం చేస్తుంది. దానికి ఈ పద్ధతి వర్తించదు. సివిటి రకానికి ఆయిలే వేరు. చాలా కొత్త కార్లకు డిప్‌స్టిక్ ఉండదు. అటువంటి వాటికి కారు కింద ప్లగ్గు తీసి, ఆయిల్ నిర్ణీత వేడిలో ఉండగా చూడాలి. అది షెడ్డులో చేయించవలసిన పని. జాకీ మీద నిలిపిన కారు కిందకు ఎవరూ దూరవద్దు.

డిప్‌స్టిక్ ఉన్న కారులో చూసే వరుస

1. కారుతో వచ్చిన పుస్తకం చదవండి. ఎక్కువ కార్లలో ఇంజను నడుస్తుండగా చూడాలి. హోండా వారి చాలా పాత మోడళ్ళలో ఇంజను ఆపిన వెంటనే, నిమిషం ఒకటిన్నర నిమిషం లోపల చూడాలి. ఇంజను నడుస్తుండగా చూడవలసిన బండిని ఆపి చూస్తే ఆయిల్ కిందికి దిగి, మట్టం ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది.

2. ముమ్మిడివరం నుంచి అమలాపురం వెళ్ళి వచ్చినంత దూరం నడిపితే ఆయిల్ బాగా వేడెక్కుతుంది.

3. చదునైన నేల మీద ఆపండి. కాలువగట్టు వాలు మీద వద్దు. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి.

4. బ్రేకు తొక్కిపట్టి లివరును ప్రతి స్థానంలోనూ కొద్ది క్షణాలు ఉంచి, తిరిగి 'పి'లోకి తెండి. పుస్తకంలో 'ఎన్' అని ఉంటే అందులోనే ఉంచండి.

5. డిప్‌స్టిక్ తీసి, పోగులు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా లోపలికి దింపి మళ్ళీ తీయండి. రెండు వైపులా చూసి, తక్కువ కనిపించిన వైపునే లెక్కలోకి తీసుకోండి. 'హాట్' గుర్తుల నడుమ ఉంటే చాలు. చీర కొంగు, తువ్వాలు తిరిగే బెల్టుల దగ్గరకు రానివ్వవద్దు.

6. తక్కువైతే పుస్తకంలో చెప్పిన రకం ఆయిల్‌నే గరాటుతో వంద మిల్లీలీటర్ల చొప్పున పోసి, ప్రతిసారీ చూడండి. ఈ ఆయిల్ పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్లే.

రంగు, వాసన

చాలా రకాల ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు ఎర్రగా, తేటగా ఉంటుంది. గోధుమరంగుకు తిరిగి మాడు వాసన వేస్తుంటే లోపల ప్లేట్లు కాలాయని అనుమానించాలి. రాజమండ్రి రోజ్ మిల్క్‌లాగా గులాబీరంగు పాలవలె ఉంటే నీరు కలిసినట్లే. రేడియేటరు లోపల పగిలినా ఇలా జరుగుతుంది, కారు మునిగినా జరుగుతుంది. 1986 ఆగస్టు, 2022 జులై గోదావరి వరదలు చూసిన మన సీమలో ఇది చిన్న విషయం కాదు. కొనేముందు బండి ఎప్పుడైనా మునిగిందా అని అడగండి. అయినా మాట మీద ఆధారపడక డిప్‌స్టిక్ చూడండి. నీరు కలిసిన ఆయిల్ కనబడితే ఆ బండిని నడపవద్దు.

కార్యదర్శులు ఈ పాఠాన్ని సాయంత్రం పాలు పోసే వేళ సభ్యులకు చదివి వినిపించవలసిందిగా మనవి. ఏ కొలత అయినా దానికి చెప్పిన వేడిలో, చెప్పిన పద్ధతిలో చూసినప్పుడే నిజం చెబుతుంది. పాల విషయంలో మనం రోజూ పాటించే ఈ నియమాన్ని బానెట్ ఎత్తినప్పుడు కూడా మరువకుందాం.