యంత్రమునకు వినికిడి నేర్పిన ఆచార్యుడు

పసిబాలుడు మాటలాడుట నేర్చుటకు పూర్వమే వినుట నేర్చును. తల్లి చందమామ యని చేయి చూపినచో వాడు ఆకాశమువంక చూచును. ఆ విద్య వానికెట్లబ్బినదో ఎవ్వరును ఆలోచింపరు. అక్షరము రానివారు లోకమున ననేకులు గలరు గాని, తల్లిభాషను విని తెలిసికొనలేనివారు అరుదు. మనకింత సులభముగా నబ్బిన యీ విద్యను యంత్రమునకు నేర్పబూని, ఆ ప్రయత్నమునందే దశాబ్దములు గడపిన తెలుగువారు ఆచార్య రాజ్ రెడ్డిగారు.

ఆయన పూర్తి పేరు దబ్బల రాజగోపాల రెడ్డి. 1937 జూన్ 13వ తేదీన నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున జన్మించిరి. తండ్రి శ్రీనివాసులు రెడ్డిగారు కృషీవలులు, తల్లి పిచ్చమ్మగారు. ఆ కుటుంబమున కళాశాల గడప త్రొక్కిన మొదటివారు రాజ్ రెడ్డిగారే. మదరాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి 1958లో సివిల్ ఇంజనీరింగు పట్టమును పొందిరి. అవి ఆనకట్టల దినములు. 1955 డిసెంబరులోనే నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగియుండెను. వంతెనలు, కాలువలు కట్టనేర్చిన యువకునకు స్వదేశముననే కావలసినంత పని యుండెను. రెడ్డిగారు మాత్రము ఆస్ట్రేలియాకు పోయి, న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమున పైచదువు చదివి 1960లో ఎం.టెక్. పట్టమును గ్రహించిరి. కంప్యూటరుతోడి పరిచయము ఆయన దారిని మార్చెను. ఆ దేశముననే ఐ.బి.ఎమ్. సంస్థలో 1963 వరకు ఉద్యోగము చేసి, దానిని విడిచి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున మరల విద్యార్థియైరి. 'కృత్రిమ మేధ' యను శాస్త్రమునకు ఆ పేరు పెట్టిన జాన్ మెకార్తీగారు అచ్చట ఆయనకు గురువులు. 1966లో డాక్టరు పట్టము వచ్చెను. ఆ పట్టమునకై ఆయన ఎన్నుకొన్న విషయమే మానవుని మాటను కంప్యూటరుచే గుర్తింపజేయుట.

ఈ పని యెందులకు కష్టమో బాలురు తెలిసికొనవలెను. పుస్తకమున మాటకును మాటకును నడుమ ఖాళీ యుండును. నోటిమాటలో ఆ ఖాళీ యుండదు. సంధులు చదివిన తెలుగు విద్యార్థికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. 'ఆవులు', 'ఇచ్చట' అను రెండు పదములు నోట 'ఆవులిచ్చట' యగును. 'ఆవులి' వరకు విన్న యంత్రమునకు ముందు వచ్చునది పశువుల మందయో, నిద్రమత్తున వచ్చు ఆవులింతయో తెలియదు. అదియుగాక ఒకే మాట స్త్రీ పలికిన నొకరీతి, పురుషుడు పలికిన నొకరీతి, జలుబు చేసినవాడు పలికిన మరియొకరీతి నుండును. చెవిని పడిన ధ్వని యెంత స్పష్టముగా నున్నను చాలదు. వినువానికి భాషయు, సందర్భమును తెలిసియుండవలెను.

1968 నాటికి రెడ్డిగారును, వారి సహచరులును నోటిమాటను విని దిమ్మెలను ఎత్తిపెట్టు ఒక యంత్రహస్తమును స్టాన్‌ఫర్డ్‌లో పని చేయించి, దానిని చలనచిత్రముగా తీసిరి. ఆ మరుసటి యేటనే ఈ శాస్త్రమునకు పెద్ద దెబ్బ తగిలెను. బెల్ ప్రయోగశాలకు చెందిన ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు జాన్ పియర్స్ 1969లో ఒక లేఖ ప్రకటించి, యంత్రమునకు భాషాజ్ఞానము లేనంతవరకు ఈ ప్రయత్నము లన్నియు వ్యర్థములని కటువుగా విమర్శించెను. విమర్శలో సత్యము లేకపోలేదు. ఆ సంవత్సరముననే రెడ్డిగారు పిట్స్‌బర్గ్ నగరమునందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు ఆచార్యులుగా వచ్చిరి. యంత్రమునకు జ్ఞానము లేకపోవుటయే లోపమైనచో, ఆ జ్ఞానమును దానికి సమకూర్చు మార్గము వెదకవలెను గాని పనిని మానుకొననేల?

అందులకు వారు ఎన్నుకొన్న మొదటి సాధనము చదరంగము. ఆట మొదలైనపుడు తెల్లపావులవానికి వేయదగిన ఎత్తులు ఇరువదియే. ఆటగాడు తన ఎత్తును నోట చెప్పును. ధ్వని అస్పష్టముగా నున్నను, ఆ క్షణమున బల్లపై న్యాయముగా వేయదగిన ఎత్తులేవో యంత్రమునకు తెలియును గావున, విన్న ధ్వనికి వానిలో నేది సరిపోవునో దానినే గ్రహించును. 'హియర్‌సే' యను పేర 1973 నాటికి పనిచేసిన యంత్రవిధాన మిది. దాని తరువాతి రూపమున నల్లబల్ల పద్ధతి వచ్చెను. ధ్వనులు తెలిసినది, పదములు తెలిసినది, వాక్యనిర్మాణము తెలిసినది, ఇట్లు వేరువేరు విభాగములు తమతమ ఊహలను ఒకే బల్లపై వ్రాయును. ఒకటి వ్రాసినదానిని మరియొకటి చూచి దిద్దును. తరగతిలో నలుగురు విద్యార్థులు కూడి ఒక చిక్కు లెక్కను తేల్చుటవంటిదే యిది.

1971లో అమెరికా రక్షణశాఖవారు అయిదేండ్ల గడువు పెట్టిరి. వేయి మాటల పదజాలముతో, విడివిడిగా గాక కలిపి పలికిన వాక్యములను యంత్రము గ్రహింపవలెను. తప్పులు నూటికి పదికి మించరాదు. పెక్కు సంస్థలు పోటీపడెను. 1976లో రెడ్డిగారి బృందమునందలి బ్రూస్ లొవెర్ నిర్మించిన 'హార్పీ' 1,011 మాటలతో ఆ షరతును నెరవేర్చెను. పలుకదగిన వాక్యము లన్నింటిని అది ఒక దారుల వలగా అల్లుకొని, ధ్వనిని వినుచు ఆ దారుల వెంట నడచును. పొసగని దారులను ఎప్పటికప్పుడు విడిచి, మంచివానిని మాత్రమే నిలుపుకొనును. ఇంత చేసినను ఫలమేమి? గడువు ముగియగనే ఆ పథకమును పొడిగించుటకు ప్రభుత్వము సమ్మతింపలేదు. పరీక్షలో నెగ్గినవానికి పైతరగతి లేకపోయినట్లయ్యెను. రెడ్డిగారు ఆ పనిని వదలలేదు.

గురువుగా ఆయన గొప్పతనము మరి కొన్ని యేండ్లకు తెలియవచ్చెను. భాషాశాస్త్ర నియమములను నిపుణులచే చెప్పించి యంత్రమునకు బోధింపవలెనని రెడ్డిగారి అభిప్రాయము. కై-ఫూ లీ యను శిష్యుడు దీనికి సమ్మతింపలేదు. నియమములు వలదు, పెక్కుమంది పలికిన వేలకొలది వాక్యములను యంత్రమునకు వినిపించి, గణితమువలన అదియే నేర్చుకొనునట్లు చేయవలెనని యతడు వాదించెను. తాను అతనితో నేకీభవింపనని గురువు స్పష్టముగా చెప్పిరి. చెప్పియు, అతని దారిని అతనిని పోనిచ్చి, కావలసిన కంప్యూటరులను, ధ్వనిసంచయమును సమకూర్చిరి. 1988 నాటికి ఆ శిష్యుడు 'స్ఫింక్స్' అను విధానమును సాధించెను. అంతకుముందు యంత్రములు తమకు అలవాటైన గొంతును మాత్రమే నమ్మదగినంతగా వినెడివి. ఇది ఎన్నడును వినని క్రొత్తవాని గొంతును సైతము గ్రహించెను. గురువు ఊహ కాదు, శిష్యుని ఊహయే నిలిచెను. తన అభిప్రాయమునకు విరుద్ధమైనదానికి ధనమును, కాలమును వెచ్చించు ఆచార్యులు ఏ దేశముననైనను తరచుగా కానరారు.

ఈలోపల 1979లో కార్నెగీ మెలన్‌లో రోబోటిక్స్ సంస్థ వెలసెను. వెస్టింగ్‌హౌస్ పరిశ్రమ ధనసహాయము చేసెను. ఉక్కు కర్మాగారములకు పేరుపడిన ఊరిలో, యంత్రహస్తములతో వస్తువుల నుత్పత్తిచేయు విద్యకు పీఠ మేర్పడుట సహజమే. రెడ్డిగారు దానికి మొదటి సంచాలకులై 1991 వరకు నడపిరి. ఆ సంస్థ పరిశోధకులు 1995లో ఒక మోటారుబండిని పిట్స్‌బర్గ్ నుండి పడమటి తీరమునందలి శాన్ డియెగో వరకు నడపిరి. దారిలో నూటికి తొంబదియెనిమిది పాళ్ళు చుక్కానిని త్రిప్పినది కంప్యూటరే. వేగమును, బ్రేకును మాత్రము మనుష్యులే చూచుకొనిరి.

1994లో కంప్యూటరు శాస్త్రమున మిక్కిలి గొప్పదియగు ట్యూరింగ్ బహుమానము రెడ్డిగారికిని, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌గారికిని కలిపి లభించెను. ఆసియాఖండమున జన్మించినవారిలో దానిని పొందిన మొదటివారు రెడ్డిగారే. 2001లో భారతప్రభుత్వము పద్మభూషణ బిరుదమిచ్చెను. 1998లో హైదరాబాదున నెలకొన్న ఐ.ఐ.ఐ.టి. పాలకమండలికి ఆయన అధ్యక్షులుగా నుండిరి. పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులకు ఆరేండ్ల చదువు చెప్పు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము 2008లో ఏర్పడుటకును ఆయన ముఖ్యకారకులు. ఇడుపులపాయ, నూజివీడు, బాసర అనునవి దాని తొలి విద్యాస్థానములు.

అక్షరము రానివారికి కంప్యూటరు అందవలెనన్న కోరిక ఆయనకు చిరకాలముగా కలదు. 2004 ప్రాంతమున టెలివిజను, టెలిఫోను, కంప్యూటరు మూడును ఒక్కటిగా నుండి, చదువ నవసరములేకయే ఉపయోగింపదగిన ఒక యంత్రమును ఆయన ప్రతిపాదించిరి. అది జనబాహుళ్యములోనికి రాలేదు. ఆ పనిని అరచేతిలోని ఫోను వేరొక దారిని చేయసాగెను. తెలుగున పలికినచో తెలుగున వ్రాసి చూపు ఫోనులు నేడు మన యిండ్లలో గలవు. అవియు పొరపడక పోవు. పట్టణపు మాటను విన్నంత చక్కగా పల్లెయాసను వినలేవు. వాటికి వినిపింపబడిన వాక్యములలో పల్లెవారు పలికినవి తక్కువ.