ఉద్యోగమునకు వివర పత్రము

పిట్లము నుండి ఉద్యోగములకు దరఖాస్తు పంపు యువతీ యువకులు "జిల్లా" అను గడి యొద్దనే తడబడుట కలదు. 2016 అక్టోబరు 11 వరకు ఈ ఊరు నిజామాబాదు జిల్లాలోనిది. ఆనాటి నుండి కామారెడ్డి జిల్లాలోనిది. పాత పత్రములలో పాత పేరే యుండును. భయపడ నక్కరలేదు. ప్రభుత్వోద్యోగమునకైనచో, చదివిన బడి నేడు ఏ జిల్లాలో నున్నదో ఆ జిల్లానే వ్రాయవలెను.

ఇది చిన్న విషయము కాదు. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి జిల్లా, జోను కొలువులలో నూటికి 95 స్థానికులకే. 1 నుండి 7 తరగతులు ఎచ్చట చదివిరో దానిని బట్టి స్థానికత తేలును. మూడు తరగతులు పిట్లమున, నాలుగు తరగతులు బోధనులో చదివినవాడు, ఇల్లు పిట్లమే యైనను, నిజామాబాదు స్థానికుడగును. కావున ప్రతి బడి నుండి బోనఫైడ్ పత్రమును ముందే తెచ్చుకొనుడు.

ప్రైవేటు సంస్థలకు పంపు పత్రము వేరు. "కష్టపడి పనిచేయుదును" అని ఎల్లరును వ్రాయుదురు; దాన తెలియునది లేదు. "రెండేండ్లు ఎరువుల దుకాణమున నిలువ సరకు లెక్కలు వ్రాసితిని" అన్నచో మనిషి కన్నులకు కట్టును. సేద్యపు పనిని కొందరు సిగ్గుతో దాచుదురు. విత్తన సంస్థకు పంపునపుడు అదియే మొదట ఉండదగిన అనుభవము! కులము, మతము అడుగనిదే వ్రాయకుడు. ఒక పుట చాలును.

పేరు, పుట్టిన తేదీ మాత్రము పదవ తరగతి మెమోలో నున్నట్లే, ఒక్క అక్షరమైనను మారక ఉండవలెను. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, వేరొకచోట పొడి అక్షరముగా నున్నచో పత్రముల పరిశీలననాడు చిక్కు వచ్చును.