సంఘ కమిటీ మీటింగులో చూపు దాటిపోయేవాళ్లు (అపొస్తలుల కార్యములు 6:1–7)



ఆదివారం వీడియోలో ఏడుగురు పరిచారకుల ఏర్పాటు గురించి చెప్పుకున్నాం. టైం సరిపోక వదిలేసినవి కొన్ని ఉన్నాయి, వాటిని ఇక్కడ రాస్తున్నా. బైబిలు దగ్గర పెట్టుకుని అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మొదటి ఏడు వచనాలు ఒకసారి చదవండి. చదివినాకనే కిందికి రండి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు పల్లెల్లో మన సంఘాలు చాలావరకు చిన్నవి. ముప్పై నలభై కుటుంబాలు, ఒక చిన్న మందిరం, నాలుగు ఊళ్లు చూసుకునే ఒక అయ్యగారు. సి.ఎస్.ఐ. సంఘాలైతే కరీంనగర్ డయోసిస్ కింద పాస్టరేట్ కమిటీ ఉంటుంది, దానికి ఒక సెక్రటరీ, ఒక ట్రెజరర్. స్వతంత్ర సంఘాల్లో కొన్నిచోట్ల సంఘపెద్దలుంటారు, కొన్నిచోట్ల అన్నీ పాస్టరు గారే. ఏ సంఘమైనా మీటింగులో నడిచే ముచ్చట్లు మాత్రం దాదాపు ఒక్కటే. ప్రార్థన, పోయిన మీటింగు మినిట్స్ చదవడం, కానుకల లెక్క, కరెంటు బిల్లు, మైకు సెట్టు రిపేరు, సమాధుల తోటకు కంచె, కోత పండుగ ఎప్పుడు పెట్టాలి, పెళ్లి ప్రకటనలు ఎవరివి చదవాలి, డయోసిస్‌కు కట్టాల్సిన వాటా ఎంత బాకీ ఉంది. చివరికి ప్రభువు నేర్పిన ప్రార్థన, ఒక్కో కప్పు చాయ్.

"ఇది ఆత్మీయమైన పని కాదు బ్రదర్, లోకసంబంధమైన పని" అని చాలామంది అంటారు. కమిటీలో ఉండమంటే "నాకు ప్రార్థన చాలు, ఈ లొల్లి వద్దు" అని తప్పుకుంటారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, ఆ లొల్లి నేనూ చూసినవాణ్ణే. కానీ ఈ వాక్యభాగం వాళ్ల మాటను ఒప్పుకోదు.

మొదటి వచనంలోనే ఏముందో చూడండి. శిష్యుల సంఖ్య పెరుగుతోంది, సరిగ్గా ఆ రోజుల్లోనే సణుగుడు పుట్టింది. గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాండ్రకు రోజూ అందాల్సిన భోజనం అందడం లేదు. వాళ్లూ యూదులే, విశ్వాసులే. కాకపోతే బయటి దేశాల్లో పుట్టి పెరిగి వచ్చినవాళ్లు, భాష వేరు, యాస వేరు. స్థానికంగా హెబ్రీ మాట్లాడేవాళ్ల విధవరాండ్రకు అందుతోంది, వీళ్లకు అందడం లేదు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా గమనించాలి. మూల గ్రీకులో వాడిన క్రియకు అర్థం చూపు పక్కనుంచి దాటిపోవడం. కావాలని పెట్టకుండా ఉన్నారని లూకా రాయలేదు, దొంగతనం జరిగిందనీ రాయలేదు. పంచేవాళ్ల కళ్లకు ఆ ముసలమ్మలు కనబడలేదు, అంతే. పంచింది ఎవరనుకున్నారు? ఆస్తులు అమ్మి తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టిన సంఘం అది (4:34–35). పరిశుద్ధాత్మ నింపుదల పొందిన సంఘం. అలాంటి సంఘంలో కూడా జాబితాలోంచి పేర్లు జారిపోయాయి. కాబట్టి "మా సంఘంలో ప్రేమ ఉంది, అలాంటివి జరగవు" అని ఎవరూ అనొద్దు. ప్రేమ ఉన్నచోటే జరిగింది.

మన దగ్గర చూపు దాటిపోయేది ఎవరు? నేను చూసినంతలో చెప్తా.

కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీలు చేసే అక్కలు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలీ, చేసినన్నిటికే పైసలు. ఆకు తడిపి, కత్తిరించి, చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే వెయ్యి అయ్యేదాకా లేవలేరు. మీటింగుకు వచ్చి రెండు గంటలు కూర్చుంటే ఆ రోజు కూలీ తగ్గుతుంది. సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసే తమ్ముళ్లు. సాయంత్రం ఏడింటికి మీటింగు పెడితే రాత్రి షిఫ్టు వాళ్లు ఎట్ల వస్తారు? ఇక గల్ఫ్ కుటుంబాలు. సంఘం రిజిస్టరులో కుటుంబ యజమాని అని భర్త పేరుంటుంది, ఆయన దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. ఇల్లు నడిపేది, కానుక తెచ్చేది, పిల్లలను సండే స్కూలుకు పంపేది ఆమె. కానీ కమిటీ ఏదైనా అడగాలంటే "మీ ఆయన వచ్చినాక మాట్లాడుదాం" అంటుంది. ఆయన వచ్చేది రెండేళ్లకో మూడేళ్లకో.

వీళ్లను ఎవరూ కావాలని పక్కన పెట్టలేదు. మీటింగు టైం పెట్టింది, రిజిస్టరు గీతలు గీసింది, ఆ టైముకు ఖాళీగా ఉండేవాళ్లు.

ఇప్పుడు అపొస్తలులు ఏం చేశారో చూడాలి. సణిగినవాళ్లను గద్దించలేదు. "సణుగుడు పాపం, ఇశ్రాయేలీయులు అరణ్యంలో సణిగి నశించారు" అని ప్రసంగం చేసి కూర్చోబెట్టొచ్చు. అలా చేయలేదు. సంఘమంతటినీ పిలిచారు. మేము వాక్యం వదిలి బల్లల దగ్గర నిలబడటం తగదు, మీలోనుంచే ఏడుగురిని మీరే చూసుకోండి అన్నారు. అపొస్తలులు తమకు నచ్చినవాళ్లను నియమించలేదు, ఎన్నుకునే పని సంఘానికి ఇచ్చారు, ఆ తర్వాతే చేతులుంచి ప్రార్థన చేశారు.

చాలామంది ఇక్కడ అపొస్తలులు భోజనం పంచే పనిని తక్కువ చేశారని అనుకుంటారు. అది సరి కాదు. మొదటి వచనంలో అనుదినం పంచే పనికి ఏ పదం వాడారో, నాలుగో వచనంలో వాక్యం చెప్పే పనికీ అదే పదం వాడారు. గ్రీకులో రెండూ డియాకోనియా. మన తెలుగు బైబిలులో కూడా రెండుచోట్లా పరిచర్య అనే ఉంది, వేలు పెట్టి చూసుకోండి. అందుకే భోజనం పంచే పనికి కూడా మంచి పేరు, ఆత్మ, జ్ఞానం ఉన్నవాళ్లు కావాలన్నారు. డబ్బున్నవాళ్లు, గొంతున్నవాళ్లు అని అడగలేదు.

ఇక ఆ ఏడు పేర్లు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. అప్పట్లో యెరూషలేము యూదుల్లో కూడా కొందరికి గ్రీకు పేర్లుండేవి కాబట్టి పేరును బట్టే అంతా తేల్చలేం. కానీ ఏడుకు ఏడూ గ్రీకు పేర్లు కావడం, చివరాయన అంతియొకయ నుంచి వచ్చి యూదుల మతంలో చేరినవాడు కావడం చూస్తే విషయం తెలుస్తోంది. ఎవరికి అన్నం అందలేదో వాళ్ల వైపు మనుషులకే గిన్నె, గరిటె అప్పజెప్పారు. ఎక్కువమంది ఉన్న హెబ్రీయులు "మాకు నలుగురు, మీకు ముగ్గురు" అని పంచుకోలేదు. ఇది మన కమిటీలకు జీర్ణం కావడం కష్టం. మన దగ్గరైతే ఫిర్యాదు చేసినవాళ్లకు ఒక మెంబరు పోస్టు ఇచ్చి నోరు మూయిస్తాం.

ఊళ్లో పంచాయతీని చూడండి. మొన్న 2025 డిసెంబరులో మూడు విడతలుగా ఎన్నికలై కొత్త సర్పంచులు, వార్డు మెంబర్లు కూర్చున్నారు. పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లకు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకు ఒకసారైనా పెట్టాలి. అన్ని ఊళ్లలో అది మనసుపెట్టి నడుస్తుందని నేను అనను, సంతకాలు ఇంటింటికీ తిరిగి పెట్టించుకునే సభలు కూడా ఉంటాయి. అయినా కాగితం మీద ఒక నియమం ఉంది, అడగడానికి ఒక దారి ఉంది. చాలా సంఘాల్లో సభ్యులందరూ కూర్చుని లెక్క వినేది ఏడాదికి ఒక్కసారి. కొన్నిచోట్ల అదీ లేదు.

లెక్క అన్నాను కాబట్టి 2 రాజులు 12వ అధ్యాయం కూడా చూడాలి. యోవాషు రాజు రోజుల్లో మందిరం బాగుచేయమని యాజకులకు సొమ్ము తీసుకోమన్నారు. రాజు ఏలుబడి ఇరవై మూడో సంవత్సరం వచ్చింది, గోడలు అట్లనే ఉన్నాయి. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు రంధ్రం చేసి, బలిపీఠం కుడిపక్కన పెట్టాడు. మన మందిరాల్లో కానుక పెట్టె చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. పెట్టెలో సొమ్ము నిండినప్పుడు రాజు తరఫు లేఖకుడు ఒకరు, ప్రధానయాజకుడు ఒకరు, ఇద్దరూ కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టేవాళ్లు. ఒక్కరు కాదు. పెట్టె ఆలోచన చేసిందే ప్రధానయాజకుడు, అయినా ఆయన ఒక్కడే లెక్కపెట్టలేదు.

"అయ్యగారి మీద నమ్మకం లేదా?" అనే ప్రశ్న మన దగ్గర వెంటనే వస్తుంది. పౌలు మీద నమ్మకం లేకనా? యెరూషలేము పేదల కోసం కానుక పోగుచేసినప్పుడు ఆయన తీతుతో పాటు మరో ఇద్దరు సహోదరులను పంపాడు. ఎవరూ నింద వేసే సందు ఉండకూడదని తానే కారణం రాశాడు (2 కొరింథీయులకు 8:16–22). ఇంకో పక్క సంచి ఒక్కడి చేతిలో ఉండి ఏమైందో యోహాను 12:6 చెప్తుంది. అపొస్తలుడైన పౌలుకు అవసరమైన తోడు మన ట్రెజరరుకు అక్కర్లేదా? ఇద్దరు కూర్చుని లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం పెట్టి, వచ్చే ఆదివారం చదివి వినిపిస్తే దానివల్ల మొదట లాభపడేది ట్రెజరరే. ఆయన పేరు ఊళ్లో చెడిపోకుండా ఉంటుంది.

మన తెలుగు సంఘాల్లో ఇచ్చేవాళ్లు ఎవరో మర్చిపోవద్దు. 1912లో బిషప్ అయిన దోర్నకల్ అజరయ్య గారు క్రైస్తవులు ఇవ్వడం గురించి ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. ఆయన సేవచేసిన సంఘాల్లో ఎక్కువమంది దళిత కూలీలు, నోటు మొహం చూడనివాళ్లు. వండేముందు తీసి పక్కన పెట్టిన పిడికెడు బియ్యం, కోత పండుగకు తెచ్చిన కోడి, గుమ్మడికాయ, వాటితోనే మన మందిరాలు నిలబడ్డాయి. బీడీలు చేసే అక్క వేసే ఇరవై రూపాయల వెనుక ఎన్ని బీడీలున్నాయో లెక్క రాసేవాడికి తెలిసుండాలి.

ఇదంతా చెప్పే అర్హత నాకు అంతగా లేదు. కొన్నేళ్ల కింద నేను ఒక సంఘంలో కమిటీ సెక్రటరీగా మినిట్స్ రాశాను. ఊరి పేరు వద్దు. బీడీలు చేసుకునే ఒక అక్క, భర్త పోయి రెండేళ్లయింది, వానకాలం ముందు నా దగ్గరికి వచ్చింది. "తమ్మీ, ఇంటి మీద గూనలు పలిగినయి. వాన పడితే పిల్లలను యాడ పండవెట్టాలె? కమిటీల నా ముచ్చట పెట్టు" అన్నది. పెట్టాను. ఎజెండాలో చివరన, "ఇతర విషయములు" కింద. ఆ రోజు మీటింగు మొత్తం కొత్త మైకు సెట్టు మీదే పోయింది, ఏ కంపెనీది కొనాలి, ఎవరి షాపులో కొనాలి అని. తొమ్మిదిన్నరకు ప్రార్థన చేసి లేచాం. "సమయాభావము వలన తదుపరి సమావేశమునకు వాయిదా వేయడమైనది" అని నేనే చక్కటి చేతిరాతతో రాశాను. తదుపరి సమావేశం ప్రహరీ గోడ మీద పోయింది.

దసరా నాటికి ఆ అక్క ఆరాధనకు రావడం మానేసింది. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. ఆమెకు వ్యతిరేకంగా ఏ తీర్మానమూ లేదు. ఆ రిజిస్టరు ఇప్పుడు తీసి చూసినా ఒక్క తప్పు కనబడదు. అందరం సంతకాలు పెట్టాం, నాది మొదటిది.

అపొస్తలుల కార్యములు 6 చదివి ఒక రాత్రి నిద్ర పట్టక, తెల్లారి ఆమె ఇంటికి పోయాను. ఇంటి మీద కొత్త రేకులున్నాయి. చాట పక్కన పెట్టి చాయ్ పోసింది. "రేకులు ఎట్ల వేయించినవు అక్కా?" అంటే "సంఘపోళ్లే లోను ఇచ్చిండ్రు తమ్మీ" అన్నది. ఒక్క క్షణం నాకు సంతోషమైంది, మనవాళ్లు ఎవరో నాకు తెలియకుండా ఇచ్చారనుకున్నా. ఆమె చెప్తున్నది మహిళా పొదుపు సంఘం గురించి.

మీ సంఘంలో కమిటీ ఉంటే ఈ వారం ఒక పని చేయండి. సభ్యుల రిజిస్టరు తెరిచి, పోయిన ఏడాదిలో ఏ మినిట్స్‌లోనూ పేరు రాని ఇళ్లను ఒక కాగితం మీద రాయండి. మొదటి మూడు ఇళ్లకు ఇద్దరిద్దరు పోయి రండి, కానుక కవరు తీసుకుపోవద్దు. వాళ్లు ఏం చెప్పారో వచ్చే మీటింగులో మొదటి అంశంగా పెట్టండి, కరెంటు బిల్లు కన్నా ముందు. మీటింగు ఎప్పుడు పెడితే మీకు కుదురుతుందని కూడా వాళ్లనే అడగండి.

వచ్చే ఆదివారం వీడియోలో నిర్గమకాండము 18, మోషేకు మామ యిత్రో ఇచ్చిన సలహా చూద్దాం. 13 నుండి 27 వరకు చదివి రండి.